నాయక బిరుదము: మధుర బురుజులనుండి కోయంబత్తూరు వీధులదాక

ఆంగ్లేయ ప్రభువర్గమునందు అగ్రస్థానముగల ‘డ్యూకు’ బిరుదము లాటిను భాషలోని ‘డుక్స్’ అను పదమునుండి వచ్చినది. ముందుండి నడపువాడని దాని యర్థము. నడపుటను దెలుపు ‘నీ’ ధాతువునుండి పుట్టిన మన ‘నాయక’ శబ్దమునకును అర్థమదియే. మూడవ ఎడ్వర్డు 1337లో తన పెద్దకుమారునకు కట్టిన కార్న్‌వాల్ డ్యూకు పట్టము నేటికిని సింహాసనోత్తరాధికారియగు జ్యేష్ఠపుత్రునకే చెందుచుండగా, మధురలో రాజ్యమేలిన నాయక బిరుదము మాత్రము కోటను విడిచి వీధిలోనికి వచ్చి, కోయంబత్తూరు నూలుమిల్లుల యజమానులకును, ఆ చెంతనే ప్రత్తి పండించు రైతులకును సమానముగ ‘నాయుడు’ అను పేరి చివరిమాటయై నిలిచినది.

నాగమనాయకుని కుమారుడగు విశ్వనాథనాయకుడు 1529 ప్రాంతమున విజయనగర ప్రతినిధిగా మధురకు వచ్చి, దళవాయి అరియనాథ మొదలారి తోడ్పాటుతో దేశమును 72 పాళెములుగా విభజించి, కోటకు కట్టించిన 72 బురుజులలో ఒక్కొక్కదానిని ఒక్కొక్క పాళెగాని రక్షణకు విడిచెనని సంప్రదాయము. నాటి బిరుదమునకు ప్రాణము ఈ బురుజునందే యున్నదని నా యభిప్రాయము. శత్రువు వచ్చిన దినమున ఏ గోడమీద ఎవడు నిలువవలెనో చెప్పుమాట అది. పాళెపు రాబడిలో మూడవవంతు రాజునకును, మూడవవంతు సేనకును పోగా శేషించినది పాళెగానిది. ఊళ్లను దొంగలనుండి కాచినందులకు స్థలకావలి, దేశకావలి అను రుసుములు వేఱు. పాళెగాండ్రందఱును తెలుగువారు కారు. తిరునెల్వేలి పడమటిదిక్కున మఱవదొరలు బలవంతులు, తూర్పున నల్లరేగడి నేలలయందు కంబళపు తెలుగు నాయకులు బలవంతులు.

తిరుమలనాయకుని వైభవమును, తెలుగు వచనమున మాహాత్మ్యములు రచించిన విజయరంగ చొక్కనాథుని సాహిత్యరసికతయు గడచి, రాణి మీనాక్షితో 1736లో మధుర పట్టము అంతరించినను పాళెములు నిలిచినవి.

వాని కథలో నన్ను మిక్కిలి బాధించునది పాంచాలంకుఱిచ్చి, ఎట్టయాపురముల వైరము. రెండును తెలుగిండ్లే. ‘గెట్టిబొమ్ము’ అను తెలుగుమాటయే తమిళుల నోట కట్టబొమ్మన్ అయినదందురు. ఎట్టయాపురమువారి పూర్వుడు, తనచేత హతుడైన సోముడను మల్లుని యెనమండుగురు తమ్ములకు తండ్రివలె నిలిచి, ‘ఎట్టు’ అనగా ఎనిమిది గావున, ఎట్టప్పడైనాడని వారి వంశగాథ. పాంచాలంకుఱిచ్చి పాళెగాడగు వీరపాండ్య కట్టబొమ్మన్ ఆంగ్లేయ కుంపిణీ నెదిరించి 1799 అక్టోబరు 16న కయత్తాఱులో ఉరికంబమెక్కెను. ఎట్టయాపురము కుంపిణీ పక్షమున నిలిచి అతని భూములలో భాగము పొందెను. ఆనాటినుండి తమిళనాట ‘ఎట్టప్పన్’ అనగా ద్రోహి. శత్రువు బిడ్డలను పెంచినందుకు వచ్చిన పేరు ఇట్లు తిరుగబడుట ఎంత దుఃఖకరము! ఆ నింద నిరాధారమని నేననను. కాని ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసినది ఆ యూరనే. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’, ఇంచుమించు 1,700 పుటల మహాగ్రంథము, 1904లో తెలుగులిపిలో అచ్చయినది ఆ సంస్థానపు ముద్రాలయమునందే. సుబ్బయ్య యను బాలకవికి ‘భారతి’ యను బిరుదము లభించినదియు అచ్చటనే. ఒక్క యుద్ధముతో ఒక వంశమును తూచుట న్యాయము కాదు.

దిండుగల్లు సీమలో విరూపాక్షి పాళెగాడగు గోపాలనాయకుడు కుంపిణీపై కూటమి కట్టగా, 1800లో కోయంబత్తూరు కోటను పట్ట యత్నించిన యోధులు విఫలులైరి. మఱుసటి యేడు గోపాలనాయకుడును ఉరితీయబడెను. 1801 డిసెంబరు 1న ఎడ్వర్డు క్లైవు ప్రకటనతో ఆయుధములు నిషిద్ధములైనవి. 1803 శాశ్వత పైసలాతో పాళెగాడు జమీందారయ్యెను; అనగా కాపలా పోయి కిస్తు మిగిలినది. 1904 చట్టము సంస్థానములను అవిభాజ్యములుగా నిలిపి ఆంగ్లేయ ప్రభువులవలె జ్యేష్ఠునికే దక్కునట్లు చేసినది గాని, 1948 చట్టము జమీలనే రద్దుచేసెను.

మధుర కోటగోడలు పందొమ్మిదవ శతాబ్దిలోనే పడగొట్టబడినవి. వెలివీధులు ఆ జాడనే చూపుచున్నవి. నేడు ఆ వీధులలోని తెలుగింటికి పెండ్లిమాటలకు పోయినచో, తమిళలిపిలో అచ్చయిన శుభలేఖపై నాయుడనియో నాయకరనియో కనబడును. లోపల కూర్చున్న వృద్ధురాలు దానిని చూడదు, ‘మీ ఇంటిపేరేమి నాయనా?’ అని తెలుగున అడుగును.