వారిస్టన్ గారి సందు

ఎడిన్‌బరోలో సెయింట్ జైల్స్ చర్చికి ఎదురుగా, హైస్ట్రీట్ మీంచి ఒక ఇరుకు సందు మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది. పేరు వారిస్టన్స్ క్లోజ్. ఆరు నెలల ప్రాజెక్టుకని ఈ ఊరొచ్చి ఉండిపోయిన నేను, రోజూ స్టేషన్లో దిగి ఆ మెట్లెక్కే ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. రెండేళ్ళపాటు అదేదో విస్కీ కంపెనీ పేరనుకున్నాను. తీరా విచారిస్తే ఆయనొక జడ్జి. ఉరి తీయబడ్డ జడ్జి. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

అసలు పేరు ఆర్చిబాల్డ్ జాన్‌స్టన్. 1611లో పుట్టాడు, లాయరయ్యాడు. 1637లో చార్ల్స్ రాజు స్కాట్లండ్ చర్చిల మీద కొత్త ప్రార్థనా పుస్తకం రుద్దబోతే జనం తిరగబడ్డారు. ఆ తిరుగుబాటుకి ఒక పత్రం కావలసి వచ్చింది. మతబోధకుడు అలెగ్జాండర్ హెండర్సన్, ఇంకా ముప్ఫై నిండని ఈ లాయరు కలిసి రాశారు. అదే నేషనల్ కావనెంట్. అందులో జాన్‌స్టన్ వంతు చూస్తే నాకు ముచ్చటేసింది. ఆవేశం లేదు, తిట్లు లేవు. పార్లమెంటు అంతకుముందు చేసిన చట్టాలు ఒకదాని తర్వాత ఒకటి ఏకరువు పెట్టాడు. చట్టం తప్పింది మేం కాదు, మీరు, అని రాజుకి చెప్పడమన్నమాట. 1638 ఫిబ్రవరి 28న గ్రేఫ్రయర్స్ చర్చిలో ఆ పత్రాన్ని చదివి వినిపించిందీ ఆయనే. దేవుడికీ దేశానికీ పెళ్ళయిన రోజని డైరీలో రాసుకున్నాడు.

తమాషా ఏమిటంటే, 1641లో అదే రాజు ఎడిన్‌బరో వచ్చి, ఈ మనుషుల్ని మంచి చేసుకోక తప్పని స్థితిలో, ఆయనకి సర్ బిరుదిచ్చి కోర్ట్ ఆఫ్ సెషన్లో జడ్జిని చేశాడు. ఆ కోర్టులో జడ్జి అయితే లార్డ్ అన్న పిలుపు వస్తుంది, దానికి సొంత ఎస్టేటు పేరు తగిలించుకోవచ్చు. అలా లార్డ్ వారిస్టన్ అయ్యాడు.

ఈయన మూడు గంటలకి మించి నిద్రపోయేవాడు కాదనీ, ఇంట్లో ప్రార్థనకి కూర్చుంటే రెండేసి గంటలు సాగేదనీ మేనల్లుడు గిల్బర్ట్ బర్నెట్ రాశాడు. పదమూడు మంది పిల్లలు. ఆ ఇంటి ఇల్లాలి మీద నాకు జాలేసింది గానీ చరిత్రకారులెవరూ ఆవిడ గోడు పెద్దగా పట్టించుకోలేదు.

అంతర్యుద్ధం ముదిరాక ఈ భక్తికి ఇంకో మొహం బయటపడింది. 1645 సెప్టెంబరులో ఫిలిప్‌హా యుద్ధంలో రాజు పక్షం ఓడింది. పట్టుబడ్డవాళ్ళలో సర్ రాబర్ట్ స్పాటిస్‌వుడ్ ఉన్నాడు. కోర్ట్ ఆఫ్ సెషన్‌కి ఒకప్పటి అధ్యక్షుడు. లొంగితే ప్రాణాలు తీయమని తమకి మాటిచ్చారని ఖైదీల వాదన. వీళ్ళకి శిక్ష పడి తీరాలని పార్లమెంటులో పట్టుబట్టినవాడు వారిస్టన్. 1646 జనవరిలో సెయింట్ ఆండ్రూస్‌లో స్పాటిస్‌వుడ్ తల తీశారు. ఒక జడ్జి, తనకన్నా పెద్ద జడ్జి విషయంలో. ఇక్కడ నేను వారిస్టన్‌ని వెనకేసుకు రాలేను.

1649లో రాజుకే లండన్లో తల తీశారు. అదే జనవరిలో వారిస్టన్, ఆర్గైల్ మార్క్విస్ కలిసి స్కాట్లండ్‌లో యాక్ట్ ఆఫ్ క్లాసెస్ అనే చట్టం తెచ్చారు. అంతకుముందు ఏడాది రాజుతో రాజీపడి ఆయన తరఫున యుద్ధానికి దిగినవాళ్ళెవరూ ప్రభుత్వ పదవుల్లో ఉండకూడదని దాని సారాంశం. తప్పు తీవ్రతని బట్టి తరగతులు, తరగతిని బట్టి నిషేధం. మా భాషలో చెప్పాలంటే యూజర్లందరి యాక్సెస్ పీకేయడం. మరుసటి ఏడు క్రామ్‌వెల్ సైన్యంతో దిగినప్పుడు, ఇదే ధోరణిలో సొంత సైన్యాన్నీ జల్లెడపట్టి వేలమందిని ఇంటికి పంపేశారు. 1650 సెప్టెంబరు 3న డన్‌బార్లో చిత్తుగా ఓడిపోయారు. పాపుల్ని ఏరేయడం ఇంకా పూర్తికానందుకే దేవుడు ఓడించాడని వారిస్టన్ పక్షం తేల్చింది!

క్రామ్‌వెల్ దేశాన్ని ఆక్రమించాడు. అతని కింద కొలువు చేయడం తప్పని వారిస్టన్ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాడు. ఇటు సంసారం పెద్దది, జీతం లేదు, అప్పులు. 1657లో చర్చి తగాదా పని మీద లండన్ వెళ్ళి, క్రామ్‌వెల్ ఇచ్చిన పదవి పుచ్చుకుని వచ్చాడు. పత్రాలన్నిటికీ అధిపతి, లార్డ్ క్లర్క్ రిజిస్టర్. అంతకుముందు 1649 నుంచి ఆయన చేసిన ఉద్యోగమే. ఎదుటివాళ్ళ రాజీలకి తరగతులు కట్టిన మనిషి, తన రాజీ దగ్గరికొచ్చేసరికి ఏ తరగతిలో వేసుకోవాలో తెలియక డైరీలో కుమిలిపోయాడు. ఆ డైరీని 20వ శతాబ్దంలో స్కాటిష్ హిస్టరీ సొసైటీ అచ్చువేసింది. ఇంతగా తనని తాను నిలదీసుకున్న మనిషిని నేను మరెక్కడా చదవలేదు.

1660లో రెండో చార్ల్స్ తిరిగొచ్చాడు. వారిస్టన్ ఐరోపాకి పారిపోయాడు. 1661లో ఆయన లేకుండానే మరణశిక్ష వేశారు. ముఖ్యమైన నేరం, క్రామ్‌వెల్ దగ్గర పదవి పుచ్చుకోవడం. ఆయన్ని అంత తొలిచేసిన తప్పు మీదే పట్టుకున్నారు.

పరారీలో జబ్బుపడితే వైద్యుడు మితిమీరి రక్తం తీసేశాడనీ, దాంతో జ్ఞాపకశక్తి పోయిందనీ బర్నెట్ రాశాడు. 1663లో ఫ్రాన్సులోని రువాన్‌లో పట్టుకుని ఎడిన్‌బరో తెచ్చేసరికి, కావుగంట కిందట ఏమన్నాడో ఆయనకి గుర్తులేదు. సొంత పిల్లల్ని పోల్చుకోలేకపోయాడు. పార్లమెంటు ముందు మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. నటిస్తున్నాడని కొందరు, భయంతో మతి పోయిందని కొందరు అనుకున్నారు.

నటన అన్నమాట దగ్గర నేను పుస్తకం మూసేశాను. మా నాన్నగారు తెనాలి కోర్టులో గుమాస్తా. ఫైలు నంబర్లు నోటికి చెప్పేవారు. చివరి రెండేళ్ళు నన్ను, ‘బాబూ, మీరెవరి తాలూకు?’ అని అడిగేవారు. ‘అవసరానికి మరిచిపోతారులే’ అని బంధువుల్లో ఒకాయన నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

చేసింది గుర్తులేని మనిషిని చేసినదానికి ఉరితీయొచ్చా? ఆ సభ ఈ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. స్పాటిస్‌వుడ్ విషయంలో వారిస్టన్ మాత్రం ఆగాడా అని అడిగితే నా దగ్గరా జవాబు లేదు. కానీ ఆ మెట్ల మీద నాకెదురయ్యేది పిల్లల్ని పోల్చుకోలేని ఆ ముసలాయనే. ముసలాయన అంటున్నాను గానీ, అప్పటికి 52 ఏళ్ళు. నాకంటే ఎంతో పెద్ద కాదు.

1663 జులై 22న హైస్ట్రీట్లో మర్కాట్ క్రాస్ దగ్గర, ఆ సందుకి కూతవేటు దూరంలో ఉరితీశారు. చివరి మాటలు గుర్తుండవని ముందే కాగితం మీద రాసిపెట్టుకున్నాడు. ఉరికంబం కింద నిలబడి, కాగితం పట్టుకుని, ఒకవైపు జనానికి చదివి, రెండోవైపు తిరిగి మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

తలని నెదర్‌బో ద్వారం మీద గుచ్చారు. కొంతకాలానికి అల్లుడు, అధికారులని బతిమాలి కిందికి దింపించాడు. దాన్ని మొండెంతో కలిపి గ్రేఫ్రయర్స్ చర్చి ఆవరణలో పూడ్చారు.