రారిటన్ నదికి అటూ ఇటూ: న్యూజెర్సీ 17వ జిల్లా

న్యూజెర్సీలో శాసనసభ జిల్లాలు 40. ఒక్కో జిల్లా నుంచి ఒక సెనేటరు, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు ఎన్నికవుతారు. రారిటన్ నదికి ఒక వైపు పిస్కాటవే, మరో వైపు న్యూ బ్రన్స్‌విక్, ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్. ఇవన్నీ 17వ జిల్లాలోవే. డెమొక్రాట్లకు పట్టున్న చోటు.

నెల్లూరులో పుట్టిన ఇంజనీరు ఉపేంద్ర చివుకుల గారు 2001లో ఇక్కడినుంచే గెలిచి, ఆ అసెంబ్లీలో తొలి దక్షిణాసియా సభ్యుడయ్యారు. 2013 దాకా ఇక్కడ వరసగా గెలిచినా, 2012లో రిపబ్లికన్ల బలమున్న 7వ జిల్లా నుంచి అమెరికా కాంగ్రెసుకు పోటీచేసి ఓడారు.

ఈ సరిహద్దులను జనగణన తరువాత, పదేళ్ళకోసారి మళ్ళీ గీస్తారు. శాసనసభ ఎన్నికలేమో బేసి సంవత్సరాల్లో వస్తాయి. అధ్యక్ష ఎన్నికల గురించే మాట్లాడుకునే మా ఐటీ మిత్రులతో నేననేది ఒకటే: ముందు మన జిల్లా ఏదో తెలుసుకుందాం, జనగణన ఫారం నింపుదాం.