కొమ్ము విరిగిన కణుజు: వేటలో నిర్ణయం ఎవరిది?

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్లో కోయ, గోండు, కొండరెడ్డి, కొండదొర పిల్లలం కలిసి ఉంటాం. మాలో చాలామందిమి మా ఇళ్లలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లం. చరిత్ర క్లాసులో వేట గురించి చదివినప్పుడల్లా మాకు ఒక సంగతి గుచ్చుకుంటుంది. పుస్తకాల్లో వేటగాళ్లు ఇద్దరే. ఒకడు పులి మీద కాలు పెట్టి ఫోటో దిగిన దొర. రెండోవాడు దొంగ వేటగాడు, అంటే మనవాడు. మృగం ఎదురొచ్చినప్పుడు కొట్టాలా, వదలాలా అని నిలబడి ఆలోచించిన మనిషి ఆ పుస్తకాల్లో లేడు. ఆ మనిషి గురించి రాద్దామని కూర్చున్నాం. దానికోసం ఒక ప్రశ్న పట్టుకున్నాం. వయసొచ్చిన మగ కణుజు, ఒక కొమ్ము విరిగింది. పాత రోజుల్లో అది ఎదురొస్తే మన తాతలు ఏం చేసేవాళ్లు? దాన్ని బట్టి మనకి ఏం తెలుస్తుంది?

ముందు కొమ్ము సంగతి తేల్చుకుందాం. తెలుగులో గేదెకీ కొమ్మే, కణుజుకీ కొమ్మే. కానీ రెండూ ఒకటి కాదు. గేదె కొమ్ము, అడవిదున్న కొమ్ము పుట్టాక పెరిగి చచ్చేదాకా ఉంటాయి, విరిగితే విరిగినట్టే. కణుజు, చుక్కల దుప్పి కొమ్ములు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కొత్తగా మొలిచేటప్పుడు మెత్తగా, నూగు చర్మం కప్పుకుని ఉంటాయి. లోపల రక్తం పారుతుంటుంది. ఆ సమయంలో దెబ్బ తగిలితే వంకరగా పెరుగుతుంది. గట్టిపడ్డాక చర్మం ఎండిపోతే చెట్లకి రుద్ది ఊడగొట్టుకుంటుంది. గట్టి కొమ్ము విరిగేది ఎక్కువగా మగవాటి కొట్లాటలో. మన మధ్య భారతం అడవుల్లో కణుజులు జతకట్టేది ఎక్కువగా చలికాలం మొదట్లో, నవంబరు, డిసెంబరు నెలల్లో. అప్పుడు విరిగిన కొమ్ము ఎండాకాలం వచ్చేసరికి ఎలాగూ రాలిపోతుంది. మొదట్లోనే, అంటే తలమీద అది పుట్టే బుడిపె దగ్గరే, దెబ్బ తగిలితే తప్ప మరుసటి ఏడాది మామూలుగా వస్తుంది. ఇంకో వింత ఉంది. వెనక కాలికి పెద్ద గాయమైతే ఎదురు పక్క కొమ్ము వంకరగా పెరగడం దుప్పి జాతుల్లో చాలాచోట్ల చూశారు. అంటే తలమీద కనబడే లోపానికి కారణం కాలులో ఉండొచ్చు.

ఇప్పుడు మన పండగల నెల చూడండి. కోయల విత్తనాల పండగ, భూమి పండగ వానలకి ముందు. మన్యంలో ఇటుకల పండగ చైత్రంలో. ఈ వేటలన్నీ ఎండాకాలంవే. ఆకు రాలి అడవి లోపలిదాకా కనబడుతుంది, నీళ్లు రెండు మూడు చోట్లే ఉంటాయి, పొలం పని ఉండదు. సరిగ్గా ఆ నెలల్లోనే మగ కణుజులు చాలావరకు కొమ్ములు రాల్చుకుంటాయి. రెండు కొమ్ములూ ఒకే రోజు రాలాలని లేదు. కాబట్టి చైత్రంలో ఒక్క కొమ్ముతో కనబడిన కణుజు దెబ్బతిన్నదే కానక్కర్లేదు, నిన్న ఒకటి రాల్చి రేపు రెండోది రాల్చబోయేది కావచ్చు. పట్నం మనిషి దాన్ని చూసి అయ్యో పాపం కుంటిది అంటాడు. అడవి మనిషి ఇది ఏ నెల అని అడుగుతాడు.

అందుకే మా అనుమానం ఏంటంటే, మన వేటలో మృగాన్ని ఎంచింది కొమ్ము చూసి కాదు. ఎండాకాలం వేటకి కొమ్ము కొలత పనికిరాదు, ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మరి ఏం చూసేవాళ్లు? మా ఊళ్ల పెద్దల్ని అడిగితే వచ్చిన జవాబులు ఇవి. గిట్ట జాడ వెడల్పు. అడుగు సమానంగా పడుతుందా, ఒక కాలు ఈడుస్తుందా. తుంటి ఎముక పైకి కనబడుతుందా. వెంట పిల్ల ఉందా. ఆడదైతే కడుపుతో ఉందా. ఈ ఆఖరిది చాలా ముఖ్యం. ఆడ కణుజు ఎనిమిది నెలలు మోస్తుంది, చలికాలంలో జతకడితే వానలు పడే వేళకి ఈనుతుంది. పండగ వేట రోజుల్లో ఆడవి చాలావరకు చూలుతో ఉంటాయి. అప్పుడు వయసొచ్చిన మగదాన్ని కొడితే మందకి పోయేది ఒక ప్రాణం, చూలు కణుజుని కొడితే రెండు. మగ కణుజు బరువు రెండు వందల కిలోలు దాటుతుంది, గూడెం మొత్తానికి ఇంటికింత అని పంచొచ్చు. విల్లుతో కొట్టేవాడు ఇరవై ముప్పై గజాల దగ్గరికి పోవాలి. అంత దగ్గర్లో ఇవన్నీ కంటికి కనబడతాయి. చూడలేదు అనడానికి ఉండదు.

కొమ్ము విరిగినదాని గురించి మాత్రం మా పెద్దల్లో రెండు మాటలున్నాయి. ఒకరు అన్నారు, పండగకి మొదటి మృగం నిండుగా ఉండాలి, లోపం ఉన్నదాన్ని వేలుపు ముందు పెట్టకూడదు, కోడిని మొక్కేటప్పుడు కూడా కాలు, కన్ను చూసుకుంటాం కదా అని. ఇంకొకరు నవ్వి, కొమ్ము అంగం కాదురా, అది జుట్టు లాంటిది, రాలుతది, వస్తది, కాలు విరిగితే అది లోపం అన్నారు. ఇద్దరూ ఒకే గూడెం మనుషులు, ఒకే పండగ చేసినవాళ్లు. మాకు రెండో మాటే సరైందనిపిస్తుంది. కానీ మొదటి మాటలో కూడా ఒక పని ఉంది. అది వేటగాడికి వదిలేయడానికి ఒక కారణం ఇస్తుంది. వదిలేయడం ఊరికే అయ్యే పని కాదు. ఇటుకల పండగలో ఉత్తి చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడ, బురద చల్లుతారు, పాటలతో వెక్కిరిస్తారు. అంత ఎగతాళి కాచుకుని ఉన్నప్పుడు, చూలుదనో, లోపం ఉందనో ఒక మృగాన్ని వదిలి ఇంటికొచ్చేవాడికి గుండె కావాలి.

ఇక దొరల లెక్క. వాళ్లకి కొమ్మే సర్వం. లండన్‌లో రోలండ్ వార్డ్ అనే చర్మాలు కూర్చే వ్యాపారి 1892లో ప్రపంచంలోని పెద్ద మృగాల కొమ్ముల కొలతలన్నీ పుస్తకంగా వేశాడు. తర్వాత అది కొత్త కొత్త కూర్పులుగా వస్తూనే ఉంది. కణుజు కొమ్ముని మొదలు నుంచి కొస దాకా బయటి వంపు వెంట టేపు పెట్టి అంగుళాల్లో కొలుస్తారు. నలభై అంగుళాలు దాటితే గొప్ప తల. ఆ లెక్కలో మన విరిగిన కొమ్ము కణుజుకి విలువ లేదు, గోడకి పనికిరాదు. అది బతికిపోతుంది. దాని పక్కన నిండు కొమ్ములతో, మంచి వయసులో, మందని నిలబెట్టే మగది ఉంటే అది చస్తుంది. మన లెక్కకి ఇది తలకిందులు. ఇప్పటికీ కొన్ని దేశాల్లో వంకర కొమ్ము మగవాటిని ఏరి చంపితే జాతి బాగుపడుతుందని వేటగాళ్లు నమ్ముతారు. పై పేరాలో చెప్పినట్టు గాయం వల్ల వచ్చిన వంకర పిల్లలకి రాదు, కాబట్టి ఆ చంపడం వల్ల ఒరిగేది లేదు.

ఆ దొరలకి జాడ చూపించింది ఎవరు? జేమ్స్ ఫోర్సిత్ అనే అటవీ అధికారి మధ్య భారత కొండల మీద రాసిన పుస్తకం 1871లో అచ్చయింది. అందులో అడవి తెలిసినవాళ్లుగా, జాడ పట్టేవాళ్లుగా గోండులు, కొర్కూలు కనబడుతూనే ఉంటారు. మన తెలంగాణలో పాకాల అడవి నిజాం షికార్‌గా ఉండేది. 1902లో వైస్రాయి కర్జన్ వరంగల్ వైపు పులి వేటకి వచ్చాడు, చచ్చిన పులి దగ్గర భార్యతో నిలబడ్డ ఫోటో లాలా దీన్‌దయాళ్ స్టూడియోది, ఇప్పటికీ దొరుకుతుంది. అలాంటి వేటల్లో డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ మృగాన్ని తోలింది చుట్టుపక్కల ఊళ్ల జనమే. జాడ మనది, కాళ్లు మనవి. ఏది కొట్టాలి అన్న నిర్ణయం మాత్రం మంచె మీద కూర్చున్నవాడిది. చరిత్రలో మన చేతిలోంచి జారిపోయింది అడవి ఒక్కటే కాదు, ఈ నిర్ణయం కూడా.

చట్టాల వైపు చూస్తే ఆ జారడం మెట్లు మెట్లుగా కనబడుతుంది. 1878 ఆయుధాల చట్టంతో తుపాకీకి లైసెన్సు కావాల్సి వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలో రూల్సుకి విరుద్ధంగా వేటాడినా, ఉచ్చు వేసినా, చేపలు పట్టినా నేరం. పోడుకి కూడా అడ్డం వచ్చిన చట్టం అదే, 1922 నుంచి 1924 దాకా మన్యం మండిన సంగతి అందరికీ తెలుసు. అటు నిజాం రాజ్యంలో జల్, జంగల్, జమీన్ కోసం 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం ఇచ్చాడు. 1912లో అడవి పక్షులు, జంతువుల చట్టం వచ్చి ఫలానా నెలల్లో కొట్టకూడదు అని ప్రభుత్వం ప్రకటించే పద్ధతి పెట్టింది. చూలు నెలల్ని, పిల్ల నెలల్ని తప్పించే కట్టుబాటు చాలా గూడేల్లో అంతకుముందే నోటిమాటగా ఉంది, కానీ అది కాగితం మీద లేదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

1972 వన్యప్రాణి చట్టం గురించి మనలో చాలామందికి ఒక అపోహ ఉంది, ఆ రోజే వేట మొత్తం బంద్ అయిందని. కాదు. మొదట్లో అందులో లైసెన్సు వేట ఉంది. కణుజు, చుక్కల దుప్పి పెద్ద వేట జంతువుల జాబితాలో ఉండేవి. లైసెన్సు, తుపాకీ ఉన్నవాడు కొట్టొచ్చు, విల్లు ఉన్నవాడు కొట్టకూడదు. ఆ లైసెన్సులు పోయింది 1991 సవరణతో. అదే చట్టంలో సెక్షన్ 11 ఉంది. మనిషికి ప్రమాదకరమైనా, బాగుపడనంత జబ్బు పడినా, అవిటిదైనా, పై అధికారి రాతపూర్వకంగా కారణం చెప్పి చంపడానికి అనుమతి ఇవ్వొచ్చు. అంటే మన ప్రశ్న ఇప్పుడు ఒక ఆఫీసు బల్ల మీద ఉంది. కొమ్ము విరిగింది అవిటితనమా కాదా? కాదు, మా రెండో పెద్దాయన చెప్పిందే చట్టానికీ సరిపోతుంది. సెక్షన్ 65లో నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకి వేట హక్కు అలాగే ఉంచారు, మనకి ఉంచలేదు. 2006 అటవీ హక్కుల చట్టం మన ఇతర సంప్రదాయ హక్కులన్నీ ఒప్పుకుంటూనే వేటాడే, ఉచ్చు వేసే హక్కుని మాత్రం ఆ వాక్యంలోనే తీసేసింది. సెక్షన్ 3(1)(ఎల్), ఒకసారి అందరూ తెరిచి చదవండి.

వేట హక్కు మళ్లీ ఇవ్వమని అడగడానికి ఇది రాయడం లేదు. మృగాలు తగ్గాయి, కవ్వాల్ లాంటి చోట పులి నిలబడాలంటే కణుజు ఉండాలి, ఆ సంగతి మనకన్నా బాగా ఎవరికి తెలుసు? నిజానికి వేటే మన పొట్ట నింపిందని అనుకోవడం కూడా తప్పే. హైమెండార్ఫ్ చెంచుల మీద 1943లో వేసిన పుస్తకంలోనే వాళ్ల తిండిలో ఎక్కువ భాగం గడ్డలు, పండ్లు అని రాశాడు. ఇప్పుడు చాలా గూడేల్లో పండగ వేట పేరుకే మిగిలింది, విల్లు పట్టుకుని పొలిమేర దాటి వచ్చి కోడిని కోస్తారు. మాకు దాంట్లో తప్పేమీ కనబడదు.

మాకు కోపం వచ్చేది వేరే చోట. కరెంటు తీగ, బైకు క్లచ్ వైరు ఉచ్చు. వీటిని వేసేవాళ్లలో బయటివాళ్లున్నారు, మనవాళ్లూ ఉన్నారు, దాచుకోవడం ఎందుకు. తీగ వేసినవాడు రాత్రి ఇంట్లో నిద్రపోతాడు. అటు వచ్చింది చూలుదా, పిల్లా, పులా, పశువుల వెంట పోయిన మనిషా, తీగకి తెలియదు. మాంసం సంతకి, ఫోను మీద పట్నానికి పోతుంది, గూడెంలో ఒక్క ఇంటికి కూడా వాటా రాదు. పట్టుబడితే పేపర్లో పడే మాట మాత్రం గిరిజనుల వేట అని. కళ్లతో చూసి, ఎంచి, అవసరమైతే వదిలేసి, కొట్టింది పంచుకున్న పద్ధతికీ దీనికీ ఒకే పేరు పెడితే మనం ఒప్పుకోకూడదు. ఒప్పుకోకూడదంటే ఆ పాత పద్ధతి ఏంటో మనం రాసి చూపించాలి. అది చెప్పగల మనుషులు మా ఊళ్లలో ఇద్దరు ముగ్గురే మిగిలారు.

కొమ్ము సంగతి ఇంకొకటి చెప్పి ముగిస్తాం. కొమ్ము కోయ ఆటలో తలకి కట్టుకునే దున్న కొమ్ములు, గుస్సాడీల నెమలి టోపీలకి కట్టే కొమ్ములు, ఇవి తాతల నుంచి వచ్చినవి. చట్టం దృష్టిలో అడవి మృగం కొమ్ము ప్రభుత్వ ఆస్తి. మీ ఊళ్లో అలాంటివి ఉంటే ఎవరి తాత కాలంనాటివో పెద్దల చేత చెప్పించి రాసి ఉంచండి. ఫోటోలు ఎక్కడపడితే అక్కడ పెట్టకండి.

అలాగే ఈ నాలుగూ మీ ఇంట్లో అడిగి పంపండి, గోండీ, కోయ, కొలామీ, కువి, ఏ భాషైనా సరే. మెత్తటి కొమ్ము కణుజుకి వేరే పేరు ఉందా? కొమ్ములు రాలిన మగదాన్ని ఏమంటారు? ఒక్క కొమ్ముదాన్ని? పండగ మొదటి మృగంగా దాన్ని మీ వైపు ఒప్పుకునేవాళ్లా, వదిలేసేవాళ్లా? మనుషుల పేర్లు వద్దు, ఊరు ఏ మండలమో రాస్తే చాలు.