మౌంట్ రోడ్డు మీద ఎల్‌ఐసీ భవనం

మద్రాసు మౌంట్ రోడ్డు మీద, అంటే నేటి చెన్నై అణ్ణా సాలై మీద, ఉన్న ఎల్‌ఐసీ భవనం ఎత్తు 177 అడుగులు. 1959లో ప్రారంభమైన నాటికి అంతస్తుల భవనాల్లో దేశంలోకెల్లా ఎత్తయినది ఇదే. ఒక ప్రైవేటు బీమా సంస్థ తన ప్రధాన కార్యాలయం కోసం మొదలుపెట్టిన ఈ కట్టడం, పూర్తయ్యేనాటికి ప్రభుత్వ రంగ సంస్థ సొత్తయింది. దేశంలో బీమా వ్యాపారం ఎలా చేతులు మారిందో దీని చరిత్రలోనే కనిపిస్తుంది.

స్వదేశీ ఉద్యమ కాలంలో విదేశీ బీమా కంపెనీలకు పోటీగా భారతీయులు సొంత కంపెనీలు పెట్టుకున్నారు. 1906లో మద్రాసులో పుట్టిన యునైటెడ్ ఇండియా అలాంటిదే. తెలుగునాట 1925లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించారు. యునైటెడ్ ఇండియా తర్వాతి కాలంలో నాట్టుకోట్టై చెట్టియార్ల కుటుంబానికి చెందిన ఎం.సీటీ.ఎం. చిదంబరం చెట్టియార్ చేతికి వచ్చింది. 1937లో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకును నెలకొల్పింది కూడా ఆయనే. పాలసీదారులు కట్టిన ప్రీమియం సొమ్ము ఎన్నో ఏళ్లపాటు కంపెనీ దగ్గరే ఉంటుంది. ఆ సొమ్ము భద్రమని జనం నమ్మితేనే బీమా వ్యాపారం సాగుతుంది. అందుకే నగరం నడిబొడ్డున గట్టి భవనం ఉండడం ఏ బీమా కంపెనీకైనా పరపతి కిందే లెక్క. చెట్టియార్ తలపెట్టిన భవనం ఆ కోవలోనిదే, కాని అంత ఎత్తుకు అప్పటిదాకా మద్రాసులో ఎవరూ సాహసించలేదు.

లండన్‌కు చెందిన ఆర్కిటెక్టులు హెచ్.జె. బ్రౌన్, ఎల్.సి. మౌలిన్ నమూనా గీశారు. తర్వాత ఆ బాధ్యతను మద్రాసు ఆర్కిటెక్టు ఎల్.ఎం. చితాలే స్వీకరించి భవనాన్ని పూర్తిచేశారు. మురుగప్ప గ్రూపుకు చెందిన కోరమాండల్ ఇంజినీరింగ్ కంపెనీ దీన్ని కట్టింది. అయిన ఖర్చు సుమారు 87 లక్షల రూపాయలు.

అంతకుముందు మద్రాసులో పెద్ద భవనాలు ఎక్కువగా ఇటుకా సున్నంతో లేచినవే. ఆ పద్ధతిలో పైకప్పుల బరువంతా గోడలే మోయాలి. ఎత్తు పెరిగేకొద్దీ అడుగు గోడ మందం పెంచక తప్పదు. అలా పదిహేను అంతస్తులు లేపితే కింది అంతస్తులో గదులకు మిగిలే చోటు చాలా తక్కువ. ఇనుప కడ్డీలు వేసి పోసిన కాంక్రీటు స్తంభాలు, దూలాలు ఆ భారాన్ని తమ మీద వేసుకున్నాక గోడ కేవలం గాలికీ ఎండకూ అడ్డుగా మిగిలింది. నగర నిర్మాణ పద్ధతి సున్నం నుంచి కాంక్రీటుకు మళ్లిందనడానికి ఈ భవనాన్నే గుర్తుగా చెబుతారు. రోడ్డు మీద నుంచి చూస్తే నిలువునా సాగిన కాంక్రీటు పట్టీలు, వాటి నడుమ వరుసగా కిటికీలు కనిపిస్తాయి. పాత మద్రాసు భవనాల్లోని తోరణాలు, గుమ్మటాలు ఇక్కడ మచ్చుకైనా లేవు.

పనులు సాగుతుండగానే రెండు పెద్ద మార్పులు వచ్చాయి. 1954లో సింగపూర్‌లో జరిగిన విమాన ప్రమాదంలో చిదంబరం చెట్టియార్ మరణించారు. 1956 జనవరి 19న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా జీవిత బీమా వ్యాపారాన్ని తన అధీనంలోకి తీసుకుంది. 154 భారతీయ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు, మొత్తం 245 సంస్థలు కలిసి అదే ఏడాది సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ (ఎల్‌ఐసీ)గా ఏర్పడ్డాయి. యునైటెడ్ ఇండియా జీవిత బీమా వ్యాపారంతోపాటు కట్టుబడిలో ఉన్న భవనమూ కొత్త సంస్థకు దక్కింది. ఎల్‌ఐసీ కేంద్ర కార్యాలయం బొంబాయిలో వెలిసింది. మద్రాసు భవనం దక్షిణ మండల కార్యాలయమైంది. 1959 ఆగస్టు 23న ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ దాన్ని ప్రారంభించారు. దేశంలో అత్యంత ఎత్తయిన భవనమన్న పేరు 1961లో బొంబాయికి వెళ్లిపోయినా, చెన్నై వరకు మూడు దశాబ్దాలకు పైగా దీన్ని మించినది రాలేదు.

తెలుగు సినిమా మద్రాసులో ఉన్నంత కాలం ఈ భవనం తెలుగువారికీ పరిచయమే. పల్లె నుంచి పట్నం చేరిన కథానాయకుడికి సెంట్రల్ స్టేషన్ తర్వాత ఎల్‌ఐసీ భవనం ఎదురయ్యేది. అది తెరమీద కనబడితే చాలు, కథ మద్రాసు చేరిందని ప్రేక్షకులు గ్రహించేవారు.

1975 జూలైలో జరిగిన అగ్ని ప్రమాదంలో భవనం బాగా దెబ్బతింది. ఎత్తయిన భవనంలో లిఫ్టు, మెట్ల దారులు పొగనూ వేడినీ పైఅంతస్తులకు మోసుకుపోతాయి. అంత ఎత్తున మంటలార్పడం నగరానికి కఠిన పరీక్షే అయింది. తర్వాత భవనాన్ని బాగుచేసి మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 2023 ఏప్రిల్‌లో పైనున్న నామఫలకానికి నిప్పంటుకున్నా ప్రాణనష్టం లేకుండానే అదుపులోకి వచ్చింది.

ఇప్పుడు చెన్నైలో ఇంతకంటే ఎత్తయిన భవనాలు చాలానే ఉన్నాయి. అయినా 2019లో అణ్ణా సాలై కింద మెట్రో రైలు మొదలైనప్పుడు ఇక్కడి స్టేషన్‌కు ఎల్‌ఐసీ అనే పేరే పెట్టారు. ఎల్‌ఐసీ దక్షిణ మండల కార్యాలయం నేటికీ ఈ భవనంలోనే నడుస్తోంది.