తెర చూడలేని, శబ్దం వినలేని మన పాఠకులకు వెబ్ పేజీ ఎలా ఉండాలి

ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు మా పేజీనే ఒకసారి ఫోన్ తెర ఆపేసి విన్నాం. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే సదుపాయం ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే తెర మీద ఉన్నదంతా ఫోనే చదివి వినిపిస్తుంది. మా మొదటి పేజీలో అది పలికిన తొలి మాటలు "బటన్, బటన్, ఇమేజ్, బటన్". ఆ ఇమేజ్ ఒక విద్యార్థి వేతనం ప్రకటన. ఆఖరు తేదీ, అర్హతలు, ఫోన్ నంబరు అన్నీ ఆ బొమ్మలోనే ఉన్నాయి. కళ్లున్న వాళ్లకు రంగురంగుల పోస్టరు. చూపు లేని పిల్లవాడికి "ఇమేజ్" అన్న ఒక్క మాట. ఆ ప్రకటన వాడి కోసం కూడా వేసిందే.

2011 జనగణన లెక్కలో దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. అందులో చూపు లోపమున్నవారు సుమారు 50 లక్షలు, వినికిడి లోపమున్నవారు కూడా సుమారు 50 లక్షలు. అదే జనగణనలో తెలుగు మాతృభాష అని చెప్పుకున్నవారు తమిళనాట 42 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా ఉన్నారు. ఈ రెండు లెక్కలూ కలిసేచోట ఉన్నవాళ్ల గురించి ఎవరూ విడిగా రాయరు. ఆంధ్ర, తెలంగాణల్లోని అంధ విద్యార్థికి తెలుగు బ్రెయిలీ పాఠ్యపుస్తకం దొరుకుతుంది. హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఉన్నవాడికి బడిలో అందేది ఆ రాష్ట్ర భాషే. ఇంటి భాష అతనికి అందే దారుల్లో పెద్దది ఇప్పుడు ఫోనే. అందుకే మన సంఘాలు, పత్రికలు, గుడి కమిటీలు పెట్టే పేజీలు ఎలా ఉన్నాయన్నది చిన్న సంగతి కాదు.

తెర చదివే గొంతు

చూపు లేనివారు కంప్యూటరు వాడేది స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్‌తో. విండోస్‌లో ఎన్నాళ్లుగానో ఉన్న జాస్ డబ్బు పెట్టి కొనాలి. ఎన్‌వీడీఏ ఉచితం. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టాడు. దానితోపాటు వచ్చే ఈ-స్పీక్ గొంతుకు తెలుగు కూడా వచ్చు. ఆ గొంతు మరమనిషి గొంతులా ఉంటుంది, కొత్తవారికి చెవికి ఇంపుగా ఉండదు. కానీ బాగా అలవాటైనవారు దాన్నే మనకు ఒక్క ముక్క కూడా అర్థం కానంత వేగంగా పెట్టుకుని వింటారు. ఫోన్లలో ఐఫోన్‌కు వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌కు టాక్‌బ్యాక్ రెండూ 2009లోనే వచ్చాయి.

ఈ గొంతులు బొమ్మను చదవవు, అక్షరాన్ని చదువుతాయి. అదీ యూనికోడ్ అక్షరాన్నే. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, కంటికి తెలుగులా కనబడినా, కంప్యూటరు లోపల ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో కూర్చిన సంచికను పీడీఎఫ్‌గా పెడితే స్క్రీన్ రీడర్ దాన్ని అర్థం లేని ఇంగ్లీషు ముక్కలుగా చదువుతుంది. మన సంఘాల వార్షికోత్సవ సంచికలు చాలావరకు ఇలాంటివే. వాటిని స్కాన్ చేసి పెడితే ఇంకా కష్టం, అప్పుడు మొత్తం పేజీ ఒక ఫొటో. తెలుగు ఓసీఆర్ ఇప్పుడు అచ్చు అక్షరాన్ని బాగానే పట్టుకుంటోంది కానీ అలంకారంగా వంచిన శీర్షికల దగ్గర, వత్తుల దగ్గర తడబడుతుంది. ఓసీఆర్ చేశాక మనిషి ఒకసారి చదివి దిద్దాల్సిందే.

రెండో మెట్టు, పేజీ తన భాష ఏదో చెప్పుకోవడం. ప్రతి వెబ్ పేజీ కోడులో మొదటి వరుసల్లోనే భాష గుర్తు ఉంటుంది. తెలుగుకు ఇంగ్లీషు అక్షరాలు 'టి', 'ఇ'. తయారుగా దొరికే డిజైన్లు వాడేవాళ్లు దాన్ని ఇంగ్లీషు అనే వదిలేస్తారు. అప్పుడు కొన్ని స్క్రీన్ రీడర్లు తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి మౌనంగా దాటేస్తాయి. పాఠకుడికి పేజీ ఖాళీ. గుర్తు సరిగ్గా ఉంటే గొంతు దానంతట అదే తెలుగుకు మారుతుంది, ఫోనులో తెలుగు గొంతు వేసుకుని ఉంటే. మనలాంటి పేజీల్లో మరో చిక్కు కూడా ఉంది. తెలుగు వార్త మధ్యలో తమిళనాడు ప్రభుత్వ ఉత్తర్వు తమిళ లిపిలోనే ఉంటుంది, కర్ణాటక ప్రకటన కన్నడంలో ఉంటుంది. ఆ ముక్క వరకు విడిగా భాష గుర్తు పెట్టవచ్చు. మేము ఇన్నాళ్లూ పెట్టలేదు.

నెల నేల అయ్యేది ఇక్కడే

మన ఊళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లంతా తెలుగు రాయరు. వాట్సాప్‌లో సేలం వాళ్లు తెలుగును తమిళ లిపిలో, గంజాం వాళ్లు ఒడియా లిపిలో, షోలాపూరు వాళ్లు దేవనాగరిలో రాసుకుంటారు. కంటితో చదివేవాడు సందర్భాన్ని బట్టి సర్దుకుంటాడు. గొంతు సర్దుకోదు.

తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం. ప, బలకూ అంతే. మాట మొదట్లో ఆ అక్షరం వస్తే తమిళ గొంతు దాన్ని క అనే, ప అనే పలుకుతుంది. "గాలి" కాస్తా "కాలి" అవుతుంది, "బడి" "పడి" అవుతుంది. దేవనాగరిలో, ఒడియాలో మామూలు రాతలో ఎ, ఏలకు తేడా చూపించరు, ఒ, ఓలకూ చూపించరు. "ఈ నెల కట్టాలి" అన్నది "ఈ నేల కట్టాలి" అని వినబడుతుంది. "కొన" అంటే "కోన" అంటుంది. పైగా ఒడియా గొంతు అకారాన్ని ఒకారం వైపు లాగుతుంది. మరాఠీ గొంతు మాట చివరి అకారాన్ని మింగేస్తుంది. ఒక్క కన్నడ లిపిలో రాసిన తెలుగు మాత్రం కన్నడ గొంతులో ఇంచుమించు సరిగానే వస్తుంది. రెండు లిపులూ ఒకే తల్లి పిల్లలు, హ్రస్వదీర్ఘాలు రెండింటిలోనూ ఉన్నాయి.

కనుక ప్రకటన వేసేవాళ్లు వేరే లిపిలో వేసినా, పక్కనే తెలుగు లిపిలో కూడా వేస్తే మంచిది. ఇందులో ఇంకో లాభం ఉంది. తెలుగు బాగా మాట్లాడుతూ చదవడం రాని మన పిల్లలు వేలమంది. యూనికోడ్‌లో సరిగ్గా పెట్టిన తెలుగు పేజీని వాళ్లు కూడా ఫోను చేత చదివించుకుని వినవచ్చు. చూపు లేనివారి కోసం వేసిన బాట మీద చూపున్న పిల్లలు నడవడం మాకు ముచ్చటగానే ఉంది.

బ్రెయిలీ విషయంలో మన పరిస్థితి మనం అనుకునే దానికన్నా మెరుగు. 1951 నుంచి దేశంలో భారతి బ్రెయిలీ అమల్లో ఉంది. అది లిపిని కాక ధ్వనిని పట్టుకుంటుంది. తెలుగు క, కన్నడ క, ఒడియా క, మరాఠీ క, అన్నీ ఆరు చుక్కల్లో ఒకటో, మూడో చుక్కలే. కొద్ది తేడాలు తప్ప, కన్నడ మాధ్యమంలో బ్రెయిలీ నేర్చుకున్న బళ్లారి పిల్లవాడు తెలుగు బ్రెయిలీ పుస్తకాన్ని వేళ్లతో తడిమి పలకగలడు. కంటితో చదివే అతని అన్నకు ఆ వెసులుబాటు లేదు. కంప్యూటరుకు తగిలించే బ్రెయిలీ పలక మీద చుక్కలు లేచి పడుతూ అక్షరాలు ఏర్పడతాయి. చూపు, వినికిడి రెండూ లేనివారికి ఇంటర్నెట్టు అందేది ప్రధానంగా ఈ పలక ద్వారానే. ఖరీదు ఎక్కువ. దానికీ కావలసింది యూనికోడ్ అక్షరమే, బొమ్మ కాదు.

పసుపు మీద ఎరుపు

చూపు మసక అయినవాళ్లు పూర్తిగా లేనివాళ్లకన్నా చాలా ఎక్కువ. శుక్లాలు, షుగరు, వయసు. మన పాఠకుల్లో సగం మంది తాతలూ అమ్మమ్మలే అని మా అనుమానం. వీళ్లకు కావలసింది గొంతు కాదు, అక్షరం స్పష్టంగా ఉండడం.

వెబ్ పేజీల అందుబాటుకు ప్రపంచమంతా పాటించే నియమావళి డబ్ల్యూసీఏజీ. మొదటి రూపం 1999లో, ఇప్పటి 2.2 రూపం 2023 అక్టోబరులో వచ్చాయి. అక్షరం రంగుకు, వెనక రంగుకు వెలుగులో ఉండాల్సిన తేడాను అది లెక్కగా చెప్పింది. మామూలు అక్షరానికి 4.5కు 1, పెద్ద అక్షరానికి 3కు 1. నలుపు మీద తెలుపు 21కి 1. అక్కడి నుంచి మన శుభకార్యాల రంగులకు వద్దాం. నిండు పసుపు మీద నిండు ఎరుపు 3.7కు 1. అంటే శీర్షికకు సరిపోతుంది, కింద ముహూర్తం, చిరునామా రాసే చిన్న అక్షరాలకు సరిపోదు. తెలుపు మీద పసుపు అయితే 1.1కి 1 కూడా రాదు, ఉన్నా లేనట్టే. ఎరుపును కుంకుమ రంగు వరకు ముదురు చేస్తే లెక్క సరిపోతుంది, కళా పోదు.

తెలుగు అక్షరానికి ప్రత్యేకంగా రెండు మాటలు. ఇంగ్లీషుకు చాలిన వరుసల మధ్య ఖాళీ మనకు చాలదు. "రాష్ట్రం", "స్త్రీ" వంటి మాటల్లో వత్తులు కిందికి వేలాడతాయి. ఖాళీ తక్కువైతే కింది వరుస గుడులకు తగులుతాయి, లేదా పెట్టె అంచు దగ్గర తెగిపోతాయి. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు వరుస ఎత్తు ఇస్తే ఊపిరాడుతుంది. రెండోది, బోల్డ్. లావు చేస్తే తెలుగు అక్షరాల్లోని గుండ్రాలు పూడిపోయి ప, ష, ఫలు, ద, ధలు మసక కంటికి ఒకటే అవుతాయి. లావు చేయడం కన్నా సైజు పెంచడం మేలు. పాఠకుడు తన ఫోనులో అక్షరాన్ని రెట్టింపు చేసుకున్నా పేజీ చెదరకూడదని నియమావళి కూడా అంటుంది. బటన్లు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలనేది 2.2లో చేరింది. వణికే వేళ్లకు అది కూడా తక్కువేనని మా అభిప్రాయం.

"ఎర్ర గుర్తున్న గడులు తప్పనిసరి" అని దరఖాస్తుల్లో రాస్తారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి ఆ వాక్యం దండగ. "తప్పనిసరి" అని గడి పక్కనే మాటల్లో రాస్తే సరి.

వినబడనివారికి

చట్టం లెక్కలో రెండు చెవులకూ మాట వినే స్థాయిలో 70 డెసిబెళ్ల లోపముంటే బధిరులు, 60 నుంచి 70 వరకైతే వినికిడి తక్కువవారు. బాగా ముదిరాక చెవిటితనం వచ్చిన పెద్దవాళ్లకూ, పుట్టు బధిరులకూ అవసరాలు ఒకటి కావు. పెద్దాయనకు తెలుగు చదవడం వస్తే వీడియో కింద తెలుగు క్యాప్షన్ చాలు. పుట్టు బధిరుడైన పిల్లవాడికి మొదటి భాష సైగల భాష కావచ్చు. భారతీయ సంజ్ఞా భాష చేతులతో చెప్పే తెలుగు కాదు, హిందీ కాదు, తన వ్యాకరణం తనకున్న భాష. దాని కోసం 2015లో ఢిల్లీలో జాతీయ సంస్థ ఏర్పడింది, 2021 నాటికి పదివేల పదాల నిఘంటువు తెచ్చింది. ఆ పిల్లవాడు బడిలో నేర్చిన రాత భాష తమిళమో, కన్నడమో, ఒడియానో అయి ఉంటుంది. కాబట్టి మన ఉగాది సభ వీడియోకు తెలుగు క్యాప్షన్‌తోపాటు ఆ రాష్ట్ర భాషలో కూడా ఒకటి వేస్తేనే మన బధిర పిల్లలకు మన పండగ అందుతుంది. ఇది తెలుగుకు ద్రోహం అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం.

యంత్రం రాసిన క్యాప్షన్‌ను నమ్మి వదిలేయకూడదు. మన సరిహద్దు తెలుగులో తమిళ, కన్నడ మాటలు కలిసినచోట అది ఏదో ఒకటి రాసేస్తుంది. మాట్లాడేది ఎవరో, వెనక నాదస్వరం వస్తోందో చప్పట్లు వస్తున్నాయో కూడా క్యాప్షన్‌లో ఉండాలి.

అన్నిటికన్నా తరచుగా కనబడే తప్పు ఒకటుంది, దానికి సాంకేతిక పరిజ్ఞానం ఏమీ అక్కరలేదు. "వివరాలకు ఫోన్ చేయండి." వినబడనివారికి ఆ ఒక్క వాక్యంతో తలుపు మూసుకుపోతుంది. ఆ నంబరు బొమ్మలో ఉంటే చూపులేనివారికీ మూసుకుపోతుంది. నంబరును అక్షరాల్లో రాసి, పక్కన మెసేజీ కూడా పంపవచ్చని చేర్చితే చాలు.

చట్టం ఏమంటుంది

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని 42వ సెక్షను ప్రకారం శబ్ద, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం వికలాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి. ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009 నుంచి ఉన్నాయి. ఐఎస్ 17802 పేరుతో భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కన్ను ఆర్పమనే కేవైసీ పద్ధతి మీద వచ్చిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. యాసిడ్ దాడి బాధితులు, అంధులు వేసిన కేసులవి. చిన్న సంఘం పేజీ మీద రేపే ఎవరో కేసు వేస్తారని కాదు. కానీ అదే సంఘం ద్వారా ప్రభుత్వ పథకాలకు దరఖాస్తులు తీసుకుంటున్నప్పుడు ఈ మాట గుర్తుండాలి.

మా మొదటి పేజీలోని బటన్లకు ఇప్పుడు పేర్లు పెట్టాం. ఆ విద్యార్థి వేతనం ప్రకటనను అక్షరాల్లో మళ్లీ టైపు చేసి పెట్టాం. భాష గుర్తు మార్చాం. పాత సంచికల పీడీఎఫ్‌లు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదివి దిద్దడానికి చేతులు కావాలి, ముఖ్యంగా ఇంట్లో ఖాళీగా ఉన్న విశ్రాంత తెలుగు మాస్టార్లవి. చదువుతున్నవారిలో స్క్రీన్ రీడర్‌తో వింటున్నవారు ఉంటే, ఈ వ్యాసంలో ఎక్కడ గొంతు తడబడిందో మాకు రాయండి. రాయడం కుదరకపోతే గొంతు రికార్డు చేసి పంపినా సరే.