వడగాడ్పుకు పుట్టిల్లు ఎక్కడ?

హైదరాబాద్‌లోని కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి స్థలపురాణం ఒక చెట్టు నీడతో మొదలవుతుంది. కాకతీయ రెండో ప్రోలరాజు వేటకొచ్చి, తిరిగి తిరిగి అలసిపోయి, ఓ చెట్టు కింద కూలబడ్డాడట. పొదల మాటు నుంచి రామనామం వినిపించిందట. వెతుక్కుంటూ వెళితే ధ్యానంలో కూర్చున్న హనుమంతుడి విగ్రహం కనిపించిందట. తర్వాత కొన్ని శతాబ్దాలకు గుడి పడగొట్టించడానికి వచ్చిన ఔరంగజేబుకు, అంత పని చేయాలంటే ముందు గుండె గట్టి చేసుకొమ్మని అశరీరవాణి పలికిందనీ, ఆ 'కర్ మన్ ఘట్' అన్న పలుకే ఊరి పేరయిందనీ చెబుతారు. ఇందులో చరిత్ర ఎంతో, కథ ఎంతో ఆ స్వామికే తెలియాలి. ఒక్క సంగతి మాత్రం నమ్మబుద్ధవుతుంది. ఇక్కడ ఒకప్పుడు అడవి ఉండేది. అలసినవాడికి నీడ దొరికేది.

ఇప్పుడు మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు అదే గుడికి వెళ్లి చూడాలి. చెప్పులు విడిచిన చోటి నుంచి మండపం దాకా ఎవరూ నడవరు, గెంతుతారు. బయట ఎండలో నిలిపిన బండి సీటు మీద కర్చీఫ్ పరిచి కూర్చోబోయినవాడు కూర్చున్నంత వేగంగా లేస్తాడు. సాగర్ రింగ్‌రోడ్డు వైపు నుంచి వచ్చే గాలి మొహానికి తగిలితే, పెనం మీద నుంచి మూత తీసినట్టు ఉంటుంది. 'ఏం ఎండ కొడుతోందిరా నాయనా' అంటారు అందరూ.

తిట్టు మాత్రం తప్పు చిరునామాకు పోతోంది. సూర్యుడొక్కడే దోషి అయితే ఆగస్టులోనూ ఇలాగే కాలాలి. హైదరాబాద్‌లో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. ఆ రెండు రోజుల్లోనూ మిట్టమధ్యాహ్నం నిలువుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. సూర్యుడు అదే, ఎత్తు అదే. కానీ ఆగస్టులో దిల్‌సుఖ్‌నగర్ జనం గొడుగు తెరిచేది వానకు. కాబట్టి ఎండ వేరు, వడ వేరు. ఎండ పైనుంచి నేరుగా దిగుతుంది. వడగాడ్పు ఎక్కడో పుట్టి, ఎక్కడెక్కడో తిరిగి, మన గుమ్మం దాకా వస్తుంది. దానికో పుట్టిల్లుంది, ప్రయాణముంది, చరిత్రా ఉంది.

ఆ చరిత్రను మొదట రాసిపెట్టింది రైతులే. మే 25 నుంచి జూన్ మొదటి వారం దాకా సాగే రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దల మాట. సూర్యుడు నడినెత్తి దాటి రెండు మూడు వారాలైనా నేలలో కూడబెట్టిన వేడి తరగకపోవడం, రుతుపవనం ఇంకా గడప తొక్కకపోవడం, రెండూ కలిసే రోజులవి. థర్మామీటరు లేని కాలంలో కట్టిన ఈ లెక్కను థర్మామీటరు వచ్చాక కూడా ఎవరూ కొట్టేయలేకపోయారు. హైదరాబాద్ నగర రికార్డు 45.5 డిగ్రీలు. అది నమోదైంది 1966 జూన్ 2న. అంటే రోహిణి కార్తెలోనే.

ఇక పుట్టిల్లు. ఎండకాలంలో హైదరాబాద్ వాతావరణ కేంద్రం బులెటిన్ వినేవాళ్లకు ఒక మాట కంఠతా వచ్చి ఉంటుంది: కింది స్థాయి గాలులు వాయవ్య దిశ నుంచి వీస్తున్నాయి. చూడ్డానికి పొడిమాట. అసలు గుట్టంతా అందులోనే ఉంది. వాయవ్యంగా వెళ్తే విదర్భ, ఆ పైన మధ్యప్రదేశ్, ఇంకా పైన రాజస్థాన్ ఎడారి. 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైన ఫలోదీ ఉన్నది ఆ దారి చివరే. మార్చి నుంచే కాలిపోతున్న ఆ నేల మీదుగా వచ్చే గాలి, దారిలో ఎక్కడా పెద్ద నీటిపట్టు తగలక, చెమ్మ అంటక, ఆదిలాబాద్, నిజామాబాద్, రామగుండం మీదుగా దక్షిణానికి దిగుతుంది. కర్మన్‌ఘాట్ చేరేసరికి అది పొయ్యి మీద నుంచి పొయ్యి మీదికి మారుతూ వచ్చిన గాలి.

అయితే పక్క ఊరి వేడి మోసుకొచ్చినంత మాత్రాన వడగాడ్పు రోజుల తరబడి నిలవదు. దాన్ని నిలబెట్టేది పైన ఉంది. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి ఎత్తున ఉత్తర దక్షిణాలకు సాగిపోయి, దాదాపు 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర మళ్లీ కిందికి దిగుతుంది. ఈ చక్రానికి ఇప్పుడున్న పేరు జార్జ్ హాడ్లీది. వ్యాపార పవనాలు ఎందుకు వీస్తాయో వివరిస్తూ 1735లో వ్యాసం రాసిన ఇంగ్లిష్ న్యాయవాది ఆయన. ప్రపంచంలోని పెద్ద ఎడారుల్లో చాలావరకు ఆ గాలి దిగే వరుసలోనే ఉన్నాయి. వేసవిలో ఇలా గాలి దిగే అధిక పీడనం ఒకటి మధ్య భారతం పైన తిష్ఠ వేస్తుంది. దాని కింద గాలి పైకి లేవదు, దిగుతుంది.

దిగే గాలి చల్లగా ఉండాలి కదా, పైనుంచి వస్తోంది కాబట్టి? ఇక్కడే చిక్కు. సైకిల్ షాపులో చేతిపంపుతో గాలి కొట్టినవాళ్లెవరైనా దీనికి జవాబు చెప్పగలరు. పది పదిహేను సార్లు గట్టిగా కొట్టాక పంపు అడుగు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అక్కడ నిప్పు లేదు. నలిగిన గాలే వేడెక్కింది. ఆకాశంలోనూ అంతే. మూడు కిలోమీటర్ల ఎత్తున గాలి పీడనం నేల దగ్గర ఉన్నదానిలో పదింట ఏడు వంతులే. అక్కడి గాలి కిందికి జారేకొద్దీ మీది బరువుకు నలుగుతుంది, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి అర కిలోమీటరు పైన ఉంది. మూడు కిలోమీటర్ల ఎత్తున హాయిగా 15 డిగ్రీలున్న గాలి, చెమ్మ లేకుండా ఇక్కడి దాకా దిగితే 39 దాటుతుంది. ఎవరూ కాల్చకుండానే.

ఈ సంగతి తేల్చింది ఎడారి దేశంవాడు కాదు, మంచుకొండల దేశంవాడు. ఆల్ప్స్ పర్వతాల నుంచి లోయల్లోకి దిగే 'ఫోన్' అనే వేడిగాలి సహారా నుంచి వస్తోందని యూరప్‌లో చాలామంది నమ్మేవారు. దిగుతూ నలగడమే ఆ వేడికి కారణమని ఆస్ట్రియా శాస్త్రవేత్త యూలియస్ హాన్ 1866లో వివరించాడు. మన వడగాడ్పుకూ సగం జాతకం అక్కడే దొరికింది. దిగే గాలి ఇంకో పని కూడా చేస్తుంది. వేడెక్కేకొద్దీ ఆరిపోయి, ఉన్న కాస్త మబ్బునూ తినేస్తుంది. కింద నుంచి లేవబోయే గాలిని మూతపెట్టినట్టు అణిచేస్తుంది. మబ్బు లేదు కాబట్టి ఎండ, ఎండ ఉంది కాబట్టి వేడి, మూత ఉంది కాబట్టి ఆ వేడి పోదు. ఈ మూత ఎక్కడ పడినా ఇదే కథ. కెనడాలోని లిటన్ అనే చిన్న ఊళ్లో 2021 జూన్ 29న 49.6 డిగ్రీలు నమోదయ్యాయి. హైదరాబాద్ తన చరిత్రలో ఎన్నడూ చూడని వేడి అది.

మూడో పాత్ర నేల. చెమ్మ ఉన్న నేల చెమట పట్టే ఒంటి లాంటిది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడితో, కుళాయి నీళ్లు ఎనిమిది లీటర్ల దాకా మరిగించవచ్చు. తడి ఉన్నంతకాలం సూర్యుడిచ్చే వేడిలో పెద్ద వాటా ఆ ఆవిరి ఖాతాలోకే పోతుంది. చెరువులెండి, చేలు బీడుపడి, ఏప్రిల్ వానలూ మొహం చాటేస్తే, ఇక ఆ వేడంతా గాలికే. వానలు సరిగా పడని ఏటి తర్వాత వచ్చే వేసవి మరీ కటువుగా ఉండటానికి ఇదో కారణం. ఇళ్లలో కూలర్ పనిచేసేదీ ఈ సూత్రం మీదే. బయట వాయవ్య గాలి పొడిగా కొడుతున్నంతసేపు తడిసిన గడ్డి గుండా వచ్చే గాలి చల్లగా తగులుతుంది. సాయంత్రం మబ్బు పట్టి ఉక్కపోత మొదలైందా, అదే కూలర్ జిడ్డుగాలి విసురుతుంది. కూలర్ పాడయిందని మెకానిక్‌ను పిలిచేవాళ్లూ ఉన్నారు. పాడయింది కూలర్ కాదు, గాలి మారింది.

కోస్తా సంగతి వేరు. అక్కడ సముద్రం కాపలా ఉంటుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఊళ్లోకి వచ్చి పాదరసాన్ని పట్టి ఆపుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున ఆ కాపలా చెల్లదు. దక్కన్ మీద కాగిన గాలి తూర్పు కనుమలు దిగుతూ ఇంకాస్త నలిగి, ఇంకాస్త వేడెక్కి, సముద్రపు గాలిని తీరం దగ్గరే ఆపేస్తుంది. 2003 మే నెలలో జరిగిందదే. బంగాళాఖాతంలో తుపాను పుట్టింది. శ్రీలంకలో భారీ వరదలకు కారణమై, మన తీరాన్ని తాకకుండా పోయి మయన్మార్‌లో దాటింది. తుపాను తప్పిందని ఊపిరి పీల్చుకున్న వాళ్లకు అసలు దెబ్బ వెనక నుంచి తగిలింది. తుపాను తనవైపు గాలిని లాక్కుంటూ తేమనంతా ఊడ్చుకుపోయింది, దాని స్థానంలోకి పడమటి పొడిగాలి దిగింది. ఆ వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు 1,000 మందికి పైగా పోయారు. మన దగ్గర ఒక్క ఇంటి కప్పు కూడా ఎగరగొట్టకుండా తుపాను ఇంతమందిని బలి తీసుకోగలదని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

ఇంకా దూరపు చుట్టం ఒకటుంది, పసిఫిక్ మహాసముద్రం. వానలు ఎందుకు తప్పుతున్నాయో కనిపెట్టే పని మీద 1904లో భారత వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ నిజానికి గణిత పండితుడు. ప్రపంచం నలుమూలల పీడనాల లెక్కలు ముందేసుకుని గుమాస్తాల చేత కూడికలు, తీసివేతలు చేయించి, ఒక వైపు పీడనం లేస్తే ఇంకో వైపు పడే తూగుటుయ్యాల ఒకటి ఉందని పట్టుకున్నాడు. ఆ ఉయ్యాలకూ పెరూ తీరంలో జాలర్లు 'ఎల్‌నినో' అని పిలుచుకునే వేడినీటికీ ఉన్న చుట్టరికాన్ని 1969లో యాకబ్ బ్యర్క్‌నెస్ బయటపెట్టాడు. ఎల్‌నినో ఏళ్లలో రుతుపవనం తరచూ ఆలస్యమవుతుంది, బలహీనపడుతుంది. మూత తీయాల్సిన చెయ్యి రాదు. 2015 అలాంటి ఏడే. ఆ మే నెలాఖరు వడగాడ్పుల్లో దేశమంతటా 2,000 మందికి పైగా చనిపోతే, వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఉపాధి పనిలో ఉన్నవాళ్లు, రోడ్డు మీద బతుకు వెళ్లదీసేవాళ్లు, ముసలివాళ్లు.

ఇంత జరిగినా, కాగితం మీద వడగాడ్పు అనిపించుకోవడం అంత తేలిక కాదు. మైదానాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండాలి, దాని పైన మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరగాలి. లేదంటే నేరుగా 45 తాకాలి. అదీ కనీసం రెండు కేంద్రాల్లో, వరుసగా రెండు రోజులు. మే నెలలో హైదరాబాద్ మామూలు గరిష్ఠం సుమారు 39. కాబట్టి 42 డిగ్రీల్లో స్లాబు పని చేసే మేస్త్రికి కళ్లు తిరిగితే, రికార్డు ప్రకారం ఆ రోజు వడగాడ్పు లేదు.

రికార్డుకు అందనిది ఇంకోటి, రాత్రి. కర్మన్‌ఘాట్ చుట్టుపక్కల మేడ మీద గదిలో ఉండేవాళ్లకు ఇది బాగా తెలుసు. రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి పెడితే, పొద్దంతా తాగిన ఎండను అది తీరిగ్గా కక్కుతూ ఉంటుంది. పల్లెకంటే పట్టణం వేడిగా ఉంటుందని, ఆ తేడా రాత్రిపూట మరీ తెలుస్తుందని లండన్‌లో ల్యూక్ హొవార్డ్ అనే మందుల తయారీదారు రెండు వందల ఏళ్ల కిందటే కొలిచి పుస్తకం రాశాడు. తూర్పు హైదరాబాద్‌లో ఇప్పుడా కొలత ఎవరైనా ఒళ్లు తగిలించి చూసుకోవచ్చు. 1626 నాటి సరూర్‌నగర్ చెరువు చుట్టూ కాలనీలు అల్లుకుపోయాయి. ఒకప్పటి అడవి ఎలా ఉండేదో చూడాలంటే వనస్థలిపురం దాటి జింకల పార్కుకు వెళ్లాలి. నిజాం వేటాడిన ఆ తావు 1975 నుంచి మహావీర్ హరిణ వనస్థలిగా రక్షణలో ఉంది కాబట్టి మిగిలింది. ప్రోలరాజు ఇవాళ వేటకొస్తే కూలబడటానికి అక్కడిదాకా నడవాల్సిందే.

ప్రభుత్వాలు ఆలస్యంగానైనా కదిలాయి. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. తెల్లటి పూత, పలకలు ఎండను తిప్పికొడతాయన్న చిన్న సూత్రం అది. 2025 ఏప్రిల్‌లో వడగాడ్పును, వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. అప్పటికి జాతీయ విపత్తుల జాబితాలో వడగాడ్పు లేనే లేదు.

ఈసారి బులెటిన్‌లో 'వాయవ్య దిశ' అన్న మాట చెవిన పడితే డిగ్రీల అంకె కోసం ఆగకండి. ఆ గాలి ఎక్కడి నుంచి బయల్దేరిందో ఇప్పుడు తెలుసు కాబట్టి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటి పని వాయిదా వేయండి. మీ వీధిలో పని వాయిదా వేసుకోలేనివాళ్లుంటే, గేటు బయట నీడపట్టున ఓ కుండ, గ్లాసు పెట్టండి.