గ్రామఫోను ప్లేటు నుంచి ఇంటి స్టీరియో దాకా: విశ్రాంత జీవితంలో తెలుగు శ్రవణం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉద్యోగ విరమణ తరువాత ఇంట్లో టర్న్‌టేబుల్, ఆంప్లిఫయర్, స్పీకర్లు అమర్చుకుని పాత రికార్డులు వినడం ఇటీవల మళ్లీ కనిపిస్తున్న అభిరుచి. దీనిని గతకాలపు జ్ఞాపకాల మీది మమకారంగా మాత్రమే చూడడం పరిపాటి. తెలుగువారి ధ్వనిముద్రణ చరిత్ర నేపథ్యంలో ఈ అభిరుచిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులపై నిలిచిన తెలుగు పద్యనాటక, లలితగీత సంపదకు నేటి ఇంటి స్టీరియో ఎంతవరకు ఆశ్రయం ఇవ్వగలదన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న. దొరవారిసత్రం పరిసరాల భౌగోళిక స్థితిని ఆధారబిందువుగా తీసుకుని ఈ చర్చ సాగుతుంది.

కీలకపదాలు: గ్రామఫోను, లక్క రికార్డు, పద్యనాటకం, ఎల్.పి., స్టీరియో, విశ్రాంత జీవితం, ధ్వని వారసత్వం, దొరవారిసత్రం

1. ఉపోద్ఘాతం

చెన్నైకి ఉత్తరాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, సూళ్లూరుపేట, నాయుడుపేటల నడుమ దొరవారిసత్రం ఉంది. చిరకాలం నెల్లూరు జిల్లాలో భాగమైన ఈ మండలం 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. నేలపట్టు పక్షుల రక్షితకేంద్రం ఈ మండలంలోనిదే. పులికాట్ సరస్సు, దాని ఆవల శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం దగ్గరలోనే ఉన్నాయి. బాటసారులకు నీడనిచ్చే సత్రం ఊరి పేరులోనే ఉంది. మద్రాసు నుంచి ఉత్తరాదికి పోయే రహదారి, రైలుమార్గం రెండూ ఈ ఊరి మీదుగానే సాగుతాయి.

తెలుగు ధ్వనిముద్రణ చరిత్రలో ఈ మార్గానికి ప్రాధాన్యం ఉంది. విజయవాడ – మద్రాసు రైలు సంబంధం 1899లో ఏర్పడింది. సరిగ్గా ఆ కాలంలోనే గ్రామఫోను మనదేశంలో అడుగుపెడుతోంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల నటులు, గాయకులు పాట ఇవ్వడానికి మద్రాసు వెళ్లినది ఈ దారినే. కలకత్తాలో అచ్చయిన ప్లేట్లు దక్షిణాదికి చేరడానికి ఉన్న కోస్తా రైలుమార్గమూ ఇదే.

2. బాకా గ్రామఫోను: నలుగురూ కూడి విన్న కాలం

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును రూపొందించాడు. అందులో ధ్వని స్తూపం మీద నమోదయ్యేది. ఎమిల్ బెర్లినర్ 1887లో బల్లపరుపు ప్లేటును ప్రవేశపెట్టడంతో ఒకే అచ్చు నుంచి వేల ప్రతులు తీయడం సాధ్యమైంది. ముద్రణాయంత్రం పుస్తకానికి చేసిన మేలు ఈ ప్లేటు పాటకు చేసింది. ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను రికార్డు చేశాడు. తొలినాళ్లలో ముద్రణ కోసం వాటిని జర్మనీలోని హానోవర్‌కు పంపేవారు. 1908లో కలకత్తాలోనే కర్మాగారం ఏర్పడ్డాక ప్లేట్ల సరఫరా సులభమైంది.

ఆ ప్లేట్లలో ప్రధాన ద్రవ్యం లక్క. ఆ లక్క చాలావరకు భారతదేశపు అడవులదే. పది అంగుళాల ప్లేటుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. యంత్రానికి కీ తిప్పాలి. ఉక్కు ముల్లును తరచుగా, నియమం ప్రకారం ప్రతి వైపుకూ, మార్చాలి. ఖరీదైన వస్తువు కావడంతో అది ఊరికి ఒకటి రెండు ఇళ్లలోనో, పట్నంలోని హోటళ్లలోనో ఉండేది. అందువల్ల తొలితరం శ్రవణం సామూహికమైనది. హరికథకూ నాటకానికీ చేరినట్లే గ్రామఫోను చుట్టూ జనం చేరేవారు.

3. మూడు నిమిషాల్లో పద్యం

తెలుగువారు ఈ యంత్రానికి ఇచ్చిన విశిష్టమైన కానుక పద్యం. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయము’ వంటివి రంగస్థలం మీద ఉర్రూతలూగిస్తున్న కాలమది. రాత్రంతా సాగే నాటకం ప్లేటులో పట్టదు. రాగయుక్తంగా పాడే ఒక పద్యం చక్కగా పడుతుంది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల కంఠాలు నాటకం చూడని ఊళ్లకు సైతం చేరడానికి ఈ అనుకూలతే కారణం. అయితే రంగస్థలం మీద ‘వన్స్‌మోర్’లతో పెరిగే రాగాలాపన ప్లేటు మీద కుదించుకోక తప్పలేదు. పద్యపఠన శైలిపై యంత్రం విధించిన ఈ పరిమితి సాహిత్య చరిత్రకారులు గమనించదగినది.

1925 నుంచి విద్యుత్ పద్ధతిలో ముద్రణ మొదలై మైక్రోఫోను వాడుకలోకి వచ్చింది. గొంతెత్తి పాడవలసిన అవసరం తగ్గింది. మృదువైన లలితగీతానికి ఇది దారి వేసింది. హెచ్.ఎం.వి., కొలంబియాలతో పాటు ఏ.వి. మెయ్యప్పన్ భాగస్వామిగా మద్రాసులో నడిచిన సరస్వతీ స్టోర్స్ ఓడియన్ ముద్రతో దక్షిణాది భాషల ప్లేట్లను విడుదల చేసింది. టంగుటూరి సూర్యకుమారి, రావు బాలసరస్వతీదేవి, ఘంటసాల పాడిన సినిమాయేతర గీతాలు ఇంటింటి పాటలయ్యాయి. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ చదువరుల పరిధి దాటి శ్రోతల కావ్యమైంది ఘంటసాల ప్లేటు వల్లనే. శంకరంబాడి సుందరాచారి ‘మా తెలుగు తల్లికి’ గీతం సూర్యకుమారి కంఠంతో ప్లేటుగా వ్యాపించి, తరువాతి కాలంలో రాష్ట్రగీతమైంది.

4. ఎల్.పి., స్టీరియో: శ్రవణం ఇంటి గదిలోకి

ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. ప్లేటు కొనలేని శ్రోతకు రేడియో ఆసరా అయింది. అదే 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే వినైల్ ఎల్.పి.ని విడుదల చేసింది. దాని మీద ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా సంగీతం పట్టింది. 1958 నాటికి స్టీరియో రికార్డులు విపణిలోకి వచ్చాయి. ఒకే గాడికి ఉన్న రెండు గోడల మీద ఎడమ, కుడి ధ్వనులను వేరువేరుగా చెక్కడం ఈ పద్ధతిలోని కీలకం.

ఈ మార్పుతో విడిపద్యం స్థానంలో సమగ్ర కృతి వచ్చింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం, ఘంటసాల మరణానంతరం విడుదలైన భగవద్గీత, తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో 1980 ప్రాంతంలో వెలువడిన ‘బాలాజీ పంచరత్నమాల’ ఇందుకు నిదర్శనాలు. హెచ్.ఎం.వి. ఫియస్టా వంటి చిన్న ప్లేయర్లు మధ్యతరగతి ఇళ్లకు చేరాయి. 1970లో కలకత్తాలో ప్రారంభమైన సోనోడైన్ వంటి సంస్థలు దేశీయంగా స్టీరియోలు తయారుచేశాయి. అయినా వేరువేరు భాగాలతో కూడిన సంపూర్ణ స్టీరియో సగటు ఉద్యోగికి అందని వస్తువుగానే ఉండిపోయింది. ఇంతలో క్యాసెట్ వచ్చి విపణిని ఆక్రమించింది. 1990ల తొలినాళ్లకు దేశంలో రికార్డుల తయారీ దాదాపు ఆగిపోయింది.

ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్నవారు 1960లలో పుట్టినవారు. చిన్ననాట దుకాణంలో చూసి కొనలేకపోయిన పరికరాన్ని వీరు అరవై ఏళ్ల వయసులో కొంటున్నారు. తీరిక, చేతికందిన కొంత సొమ్ము, పిల్లలు వెళ్లిపోయాక ఖాళీ అయిన గది – ఈ మూడూ ఒకేసారి సమకూరేది విశ్రాంత జీవితంలోనే.

5. పరికరాల అమరిక: తెలుగు రికార్డుకు ఏది అవసరం?

వినైల్ మీద ఆసక్తి ప్రపంచవ్యాప్తంగా తిరిగి వచ్చింది. 1987 తరువాత మొదటిసారిగా 2022లో అమెరికాలో వినైల్ రికార్డుల అమ్మకాలు సంఖ్యలో సీడీలను మించాయి. అయితే ఈ పునరుజ్జీవనం ఎల్.పి.లది. నేడు విపణిలో దొరికే టర్న్‌టేబుళ్లలో అత్యధికం 33⅓, 45 వేగాలకే పరిమితం. తెలుగు పద్యనాటక, తొలి లలితగీత సంపద 78 వేగపు ప్లేట్ల మీద ఉంది. అంటే అధునాతనమైన స్టీరియో కొన్నప్పటికీ తాతలనాటి ప్లేట్లపెట్టె మూగగానే మిగిలిపోవచ్చు.

వేగం ఒక్కటే సమస్య కాదు. ఎల్.పి. గాడికి సరిపోయే ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు. లక్క ప్లేటు గాడి వెడల్పైనది. దానికి సుమారు 75 మైక్రాన్ల ముల్లు కావాలి. సన్నని ముల్లు ఆ గాడి అడుగున దొర్లుతూ గరగరను మాత్రమే వినిపిస్తుంది. అలాగే పాత గ్రామఫోను సౌండ్‌బాక్సు వంద గ్రాములకు పైగా బరువు మోపేది, నేటి ఎల్.పి. కార్ట్రిడ్జికి రెండు గ్రాముల లోపు చాలు. పాత యంత్రం మీద ఎల్.పి.ని పెట్టకూడదన్న నియమం ఇందువల్లనే.

కార్ట్రిడ్జి నుంచి వచ్చే విద్యుత్ సంకేతం కొన్ని మిల్లీవోల్టులే. దానిని ఫోనో ప్రీఆంప్లిఫయర్ పెంచి, ముద్రణలో తగ్గించిన మంద్రధ్వనులనూ హెచ్చించిన తారధ్వనులనూ సరిచేస్తుంది. ఈ సవరణకు 1954లో ఏర్పడిన ప్రమాణం ఎల్.పి.లకు వర్తిస్తుంది, అంతకుముందరి ప్లేట్లకు సంస్థను బట్టి సవరణ మారుతుంది. తొలి ప్లేట్ల వేగం కూడా కచ్చితంగా 78 కాదు. వేగంలో సుమారు 6 శాతం తేడా వస్తే శ్రుతి అర స్వరం మారుతుంది. ఒక నటుని శ్రుతిని గురించి వ్యాఖ్యానించే పరిశోధకుడు ముందుగా తాను విన్న వేగాన్ని నిర్ధారించుకోవాలి.

మరొక విశేషం: లక్క ప్లేట్లన్నీ, పాత తెలుగు సినిమా రికార్డుల్లో అధికభాగమూ మోనో ముద్రణలే. వాటిని స్టీరియోలో వింటే గాడి గోడలలోని గీతలు, దుమ్ము రెండు వైపులా వేరువేరుగా వినిపిస్తాయి. రెండు వైపులనూ కలిపే మోనో మీట ఉంటే ఆ రొద కొంత తగ్గుతుంది. వయసుతో పాటు తారధ్వనుల వినికిడి తగ్గడం సహజం. కాబట్టి విశ్రాంత శ్రోత అతి సూక్ష్మమైన తారధ్వనుల కోసం డబ్బు వెచ్చించేకంటే, గాత్రం ఉండే మధ్యశ్రేణిని స్పష్టంగా పలికించే స్పీకర్లను ఎంచుకోవడం సమంజసం. పద్యం విషయంలో అక్షరం వినబడడమే గీటురాయి.

6. కోస్తా వాతావరణంలో సంరక్షణ

పులికాట్ అంచున ఉన్న ప్రాంతంలో గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, వానలూ తుపానులూ తప్పవు. అట్ట తొడుగులకు బూజు పట్టి అది రికార్డు గాడిలోకి పాకుతుంది. పరికరాల కనెక్షన్లకు తుప్పు పడుతుంది. రికార్డులను నిటారుగా, నేలకు ఎత్తులో, బయటిగోడకు ఎడంగా అమర్చాలి. పడుకోబెట్టి దొంతరగా పేర్చితే వినైల్ వంగుతుంది, లక్క పగులుతుంది. వినైల్‌ను శుద్ధిచేయడానికి వాడే ఆల్కహాలు లక్కను కరిగిస్తుంది కనుక ఒకే ద్రవాన్ని రెండింటికీ వాడకూడదు. ఇటువంటి జ్ఞానం పెద్దల చేతివాటంగానే అందుతూ వచ్చింది. వారి తరువాత దానిని అందుకునేవారు లేకపోతే ప్లేట్లు పాత సామాన్ల బండికి చేరతాయి.

7. వ్యక్తిగత సేకరణ – సామూహిక వారసత్వం

భారతీయ రికార్డు సేకర్తల సంఘం 1990లో బొంబాయిలో ఏర్పడింది. దేశంలో ధ్వని వారసత్వ పరిరక్షణకు వ్యక్తిగత సేకర్తలు చేసిన కృషి విశేషమైనదని దాని చరిత్ర చాటుతుంది. చట్టం కూడా ఇందుకు అనుకూలమే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలు 60 సంవత్సరాలు ఉంటుంది. కాబట్టి లక్క యుగపు తెలుగు ప్లేట్లలో చాలావాటికి ముద్రణ హక్కు గడువు తీరింది. అయితే అందులోని రచన మీది హక్కు రచయిత మరణానంతరం 60 సంవత్సరాలు కొనసాగుతుంది; దానిని విడిగా చూసుకోవాలి.

రికార్డు ఒక్కటే మిగిలితే చాలదనడానికి అంతరిక్షం నుంచి ఒక ఉదాహరణ చెప్పవచ్చు. 1977లో అమెరికా ప్రయోగించిన వోయేజర్ నౌకల్లో బంగారు పూత పూసిన గ్రామఫోను రికార్డులున్నాయి. వాటిలోని 55 భాషల శుభాకాంక్షలలో తెలుగు ఒకటి. ఆ రికార్డుతో పాటు కార్ట్రిడ్జిని, ముల్లును కూడా పంపారు. ఎలా తిప్పాలో పైకప్పు మీద బొమ్మలతో చెక్కారు. వినిపించే సాధనం, వినే పద్ధతి తోడు లేనిదే రికార్డు పలకదని దానిని రూపొందించినవారు గుర్తించారు. మన ఇళ్లలోని ప్లేట్లపెట్టెలకు ఆ పాటి ఏర్పాటు కూడా లేదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• తెలుగు శ్రవణం సామూహికంగా మొదలై, రేడియో, ఎల్.పి.ల ద్వారా ఇంటి గదికి చేరింది. విశ్రాంత జీవితంలోని స్టీరియో ఈ పరిణామంలో తాజా దశ.

• మూడు నిమిషాల ప్లేటు పద్యగానాన్ని వ్యాప్తిచేస్తూనే దాని విస్తృతిని కుదించింది. రంగస్థల పద్య చరిత్రను రచించేటప్పుడు ఈ రెంటినీ పరిగణించాలి.

• ఎల్.పి.లకు మాత్రమే పనికివచ్చే స్టీరియో తెలుగు ధ్వని వారసత్వంలో తొలి అర్ధశతాబ్దాన్ని వినిపించలేదు. 78 వేగం, వెడల్పు ముల్లు, మోనో మీట – ఈ మూడూ చేరితే అదే పరికరం ఇంటి అభిలేఖాగారం అవుతుంది.

• ప్లేటును డిజిటల్ రూపంలోకి మార్చేటప్పుడు చీటీ మీది సంఖ్య, గాయకుని పేరు, వాడిన వేగం, ముల్లు వివరాలు కూడా నమోదుచేస్తే అది పరిశోధనకు ఆధారంగా నిలుస్తుంది.

• విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తమ ప్రాంతాల్లోని విశ్రాంత సేకర్తల వద్ద ఉన్న ప్లేట్లకు పట్టికలు సిద్ధంచేయించడం తక్షణ కర్తవ్యం. తాళపత్రాల కోసం ఊరూరా తిరిగిన పరిశోధన సంప్రదాయం మనకు ఉంది. లక్క ప్లేట్ల విషయంలోనూ అదే శ్రమ అవసరం. వాటిని వినిపించగల చేతులు ఉన్నప్పుడే ఆ పని పూర్తికావాలి.